నోరు కదిపితే చాలు

చెయ్యి అలా పెట్టకుండా ఉండాల్సింది. నోరు జారలేదు, నిజమే, కసురుకోలేదు, విసుక్కోలేదు, కానీ అరచెయ్యి కిందికి తిప్పి గాలిని మెల్లగా అదిమినట్టు, ఇదిగో ఇలా, రెండుసార్లు. చర్చిలో పాటల బృందం ముందు నిలబడి ఇన్నేళ్లుగా ఆయన చేస్తూ వచ్చిన సైగే అది, తగ్గించండి, ఇంకా తగ్గించండి అని. పొద్దున ఆపరేషన్ గది తలుపు ముందు, చక్రాల మంచం మీద పడుకుని, తలకి ఆ పచ్చ టోపీ పెట్టుకుని, భార్య ఆయన చిటికెనవేలు పట్టుకుని "ఏమండీ, లోపలికి తీసుకెళ్లేలోపు ఒక్క పాట పాడుకుందామా?" అని ఆ బొంగురు గొంతుతో అడిగితే, మాస్టారి నోటికంటే ముందు చెయ్యి జవాబు చెప్పేసింది. ఆ తర్వాత నోరు కూడా అందుకుంది. "ఇక్కడా? నలుగురూ ఉన్నారు," అన్నారు. ఎవరా నలుగురు? మంచం తోసే మనిషి ఒకడు, ఆవలిస్తున్న నర్సు ఒకావిడ, గోడ మీద గడియారం ఒకటి, నాలుగో వాడు ఎవరయ్యా అంటే ఆయనే. ఆవిడ నవ్వేసింది. "సరేలెండి, మీ సిగ్గు మీరే దాచుకోండి," అని వేలు వదిలేసింది. తలుపు తెరుచుకుంది, మంచం లోపలికి పోయింది, తలుపు మూసుకుంది. అప్పట్నించీ మాస్టారు ఆ తలుపుకి ఎదురుగా ఇనప కుర్చీలో కూచుని తన కుడి అరచెయ్యి చూసుకుంటున్నారు.

ఆవిడ అడిగింది ఆఖరి పాట అని ఆయనకి తెలియదా? తెలుసు. నిన్న సాయంత్రం ఇద్దర్నీ కూచోబెట్టి పెద్ద డాక్టరు విడమరిచి చెప్పాడు కదా, గొంతులో లేచిన గడ్డ ఎంత లోతుకి పాకిందో కోశాక గాని తెలీదు, స్వరపేటిక కొంత మిగిలించగలిగితే మిగిలిస్తాం, లేదంటే మొత్తం తీసెయ్యాలి, అప్పుడు ప్రాణానికి ఢోకా లేదు గాని మాట ఉండదు అని. మాట ఉండదు అన్నాడు. పాట సంగతి అతను ఎత్తలేదు, డాక్టర్లకి పాట అవయవం కాదు. ఆవిడే అడిగింది, "పాట కూడానా అండీ?" అని, ఏదో అంగట్లో బేరమాడినట్టు, ఒకటి పోతే పోయింది రెండోదైనా ఉంచండి అన్నట్టు. డాక్టరు తల దించుకున్నాడు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. అక్కడ చూడ్డానికేముంది, వాన నీళ్ల గొట్టం, గోడ. ఆ రాత్రి ఆవిడ హాయిగా పడి నిద్రపోయింది, ఈయనే పక్క మంచం మీద అటు దొర్లి ఇటు దొర్లి, పొద్దున్నే చెప్పాలి, చెప్పేసెయ్యాలి, క్షమించమనాలి అని అనుకుంటూనే ఉన్నారు. తెల్లారింది. గడ్డం గీసుకోవడం, సంచి సర్దడం, సంతకాలు పెట్టడం, వీటన్నిటికీ టైముంది. ఆ ఒక్క ముక్కకీ లేకపోయింది.

"బావగారూ, టీ చల్లారిపోతోంది." పక్క కుర్చీలో మరదలు, ఆవిడ చెల్లెలు. ఒళ్లో అక్క చెప్పులు పెట్టుకుని కూచుంది, ఒక గుడ్డ సంచిలో చుట్టి, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు రెండు చేతులా పట్టుకుని. మాస్టారు టీ అందుకున్నారు, తాగలేదు. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నారు. మూసుకుంటే ఏమొచ్చింది? కీర్తనల పుస్తకంలో నంబర్లు వచ్చాయి. కష్టకాలమునకు ఫలానా నంబరు, రోగుల నిమిత్తము ఫలానా నంబరు, ఏ శ్రుతి, ఎన్ని చరణాలు, ఎక్కడ మగవాళ్లు ఆగాలి, ఎక్కడ ఆడవాళ్లు అందుకోవాలి, అంతా పలక మీద రాసినట్టు కనిపించింది, ప్రభువు మాత్రం కనిపించలేదు. ముత్తాత ఆ చర్చి గోడలు కట్టిన వాళ్లలో ఒకడు, తాత గంట కొట్టేవాడు, నాన్న పాటల మాస్టారు, ఆయన తర్వాత ఈయన. దేవుడి ఇంట్లో పుట్టి పెరిగినవాడు, గుమ్మాలూ కిటికీలూ అన్నీ తెలిసినవాడు, ఇంటాయనతో మాత్రం ఎన్నడూ పలకరింపు లేదు. వారం పొడుగునా ప్రభుత్వోద్యోగం, దుకాణాల్లో తక్కెళ్లూ తూకపురాళ్లూ పరీక్ష చెయ్యడం. ఆదివారం గొంతులు పరీక్ష చెయ్యడం. పొద్దున పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు, మంచి ప్రార్థనే, మొదలూ మధ్యా చివరా ఉన్న ప్రార్థన, మధ్యలో ఒక్కసారే గడియారం చూసుకున్నారు. ఆయన్ని అనడానికేముంది. అలాంటి ప్రార్థనే ఈయనకీ వచ్చు, అదే రావట్లేదు ఇప్పుడు.

ఆవిడ అయితే ఏం చేసేది? నవ్వేది. ప్రార్థనలో నవ్వే మనిషిని ఎక్కడైనా చూశారా? మోకాళ్ల మీద కూచుని, ఎవరో చెవిలో ఏదో చెప్పినట్టు కిసుక్కున నవ్వి, "సరే సరే, అలాగే," అనేది. మొదట్నించీ అలా కాదు. పెళ్లయిన కొత్తలో నవ్వు మాట దేవుడెరుగు, ఆవిడ మాటంటేనే ముల్లు. గిన్నె పెడితే చప్పుడు, తలుపు వేస్తే చప్పుడు, చెల్లెలి పేరెత్తితే ఇల్లు నిప్పుల కుంపటి. వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు దగ్గరెవరు ఉండాలన్న చోట మొదలైన రాద్ధాంతం, అమ్మ పోయినా అది పోలేదు, అక్కచెల్లెళ్లు వీధిలో ఎదురైతే ఒకరు ఆ పక్కకి ఒకరు ఈ పక్కకి. ఆ రోజుల్లోనే లాండ్రీలో పనికి కుదిరింది, ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. అక్కడ దుప్పటి మడతపెట్టడం ఇద్దరి పని. చెరో కొసా పట్టుకుని, వెనక్కి లాగి బిగించి, దులిపి, ఎదురెదురు వచ్చి కొసలు కలపాలి, మళ్లీ వెనక్కి, మళ్లీ ఎదురు. నీకు ఇష్టమున్నా లేకున్నా పూటకి వందసార్లు అవతలి మనిషి మొహంలో మొహం పెట్టాలి. అవతలి కొస పట్టుకునేది పెద్దమ్మ అని అందరూ పిలిచే ముసలావిడ. ఏమీ అడిగేది కాదట, ఎదురొచ్చినప్పుడల్లా చూసి నవ్వేదిట. ఒక మధ్యాహ్నం కొసలు కలుపుతూ అందిట, "ప్రభువు నిన్ను క్షమించి చాలా కాలమైందే పిచ్చిదానా, నీకే కబురందలేదు." అంతే. అంతకుమించి బోధ లేదు, ప్రసంగం లేదు. ఈవిడ ఆ ఉతికిన దుప్పట్ల గుట్టలోనే కూలబడి ఏడ్చి, ఏడుస్తూ ఏడుస్తూ నవ్వి, సబ్బు వాసన చేతులతో తిన్నగా చెల్లెలింటికి పోయి తలుపు కొట్టింది. ఇప్పుడు చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూచున్న ఈ మరదలే తలుపు తీసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి "ఏమండీ, నేను కొత్తదాన్నయిపోయాను," అంటే, మాస్టారు తల ఎత్తి చూసి, "జ్వరమేమైనా తగిలిందా?" అని నుదురు పట్టుకు చూశారు.

జ్వరం కాదు. జ్వరమైతే దిగేది. మర్నాడు ఆవిడ వీధి చివర దుకాణంవాడి దగ్గరికి వెళ్లి, నిన్ను నానా మాటలూ అన్నాను, మనసులో పెట్టుకోకు అంది. కింద వాటాలో తాగొచ్చి గోల చేసే ప్లంబర్‌ని, అందరూ తలుపులేసుకునేవాడిని, భోజనానికి పిలిచింది. లాండ్రీ ఆడవాళ్లు ఇంటికి వచ్చేవారు, నేల మీద కూచునేవారు, పుస్తకం లేదు, నంబరు లేదు, ఎవరి నోటికి వచ్చింది వాళ్లు పాడేవారు, ఆ ప్లంబరు ఒక మూల కూచుని వెక్కి వెక్కి ఏడ్చేవాడు, తర్వాత తనూ పాడేవాడు, ఆ గొంతు దేవుడికే అంకితం. మాస్టారు లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని వినేవారు. ఆవిడ పాట ఒకటుంది, స్వయంగా కట్టుకున్నదే, ఇస్త్రీ పెట్టె ఆవిరిలో పుట్టింది: "తెల్లారింది ప్రభువా, తెల్లారిందీ, నా ఇంట్లో కూడా తెల్లారిందీ." ఇంతే పాట. ఇందులో సాహిత్యమేముంది, రాగమేముంది? "ఇదీ ఒక పాటేనా? మన సంగీతం తెల్లారినట్టే ఉంది," అని ఎకసెక్కం చేశారు ఒకసారి. దానికీ నవ్వింది. ఆ పాటలో ఒక తప్పుంది. "తెల్లారిందీ" దగ్గర తాళం అయిపోయాక కూడా ఆ దీర్ఘం వదలదు, పట్టుకుని సాగదీసి సాగదీసి, ఇక చాలు అనుకునేసరికి టక్కున తర్వాతి పాదంలోకి దూకుతుంది, అరమాత్ర ముందే. ఎన్నిసార్లు దిద్దినా అదే తప్పు. చర్చిలో కూడా అంతే, అందరూ ఆగిన చోట ఈవిడ గొంతొక్కటే గంటలా మోగుతూ ఉండేది. లాండ్రీలో గంటమ్మ అని పేరు పెట్టారు కూడా. సంఘ పెద్దలు ఇద్దరు ముగ్గురు మాస్టారిని పక్కకి పిలిచి, "మీ ఇంటావిడకి కాస్త చెప్పండి, ఆరాధనకి ఒక క్రమం ఉంటుంది కదా," అన్నారు. మాస్టారి మొహం ఇంత చిన్నదైపోయింది.

అక్కడ చేశారు ఆ పని. చర్చి వార్షికోత్సవం, పై ఊళ్లనించి పెద్దలు వస్తున్నారు, బృందంలో ఆడవాళ్ల వరస పలచగా ఉంది, మనుషులు కావాలి, గొంతు కాదు. ఇంటికొచ్చి, తెల్ల అంగీ ఒకటి ఆవిడ చేతికిచ్చి, "నువ్వు కూడా నిలబడు. వెనక వరసలో. పాడక్కర్లేదు, నోరు కదిపితే చాలు," అన్నారు. అనేశారు. ఎంత తేలిగ్గా అన్నారో ఇప్పుడు తెలుస్తోంది. ఆవిడ అంగీ ఒంటికి పెట్టి చూసుకుంటున్నదల్లా ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణం, ఆ క్షణంలో ఆవిడ మొహం, అది చూడకుండా ఉండటానికి మాస్టారు బూటు లేసు ముడి వేసుకున్నారు, ముందే వేసి ఉన్న ముడి. తర్వాత ఆవిడే అంది, "పోనీలెండి, దేవుడికి పెదాలు చదవడం వచ్చు." ఒక్క ఉత్సవానికి అనుకున్నది ఆ తర్వాత వారం కొనసాగింది, ఆ పై వారం కొనసాగింది, ఏళ్లు కొనసాగింది. కాదనలేదు, అలగలేదు. వెనక వరసలో కుడి చివర నిలబడి చక్కగా నోరు కదిపేది. మాస్టారి కన్ను ఎప్పుడూ అక్కడే, ఎక్కడ గొంతు విడుస్తుందో అని. అందరి పాటా చెవులతో వినేవారు, ఆవిడది కళ్లతో కాపలా కాసేవారు. అలా కాయగా కాయగా ఒక ఆదివారం గమనించారు, బృందం పాడేది ఒకటి, ఆవిడ పెదాలు కదిపేది ఇంకొకటి. దిగి వస్తున్నాయి, విచ్చుకుంటున్నాయి, సాగుతున్నాయి, ఆ సాగదీతే పట్టిచ్చింది. తెల్లారిందీ. అంత మంది మధ్య నిలబడి చప్పుడు లేకుండా తన పాట తను పాడేసుకుంటోంది, కళ్లు మెరుస్తున్నాయి. ఇంటికెళ్లాక అడిగితే, "చప్పుడు రాలేదుగా మరి!" అంది దొరికిపోయిన చిన్నపిల్లలా.

నిజం చెప్పాలంటే, ఇప్పుడైనా చెప్పకపోతే ఇంకెప్పుడు, ఆవిడ గొంతు అంత చెడ్డదేం కాదు. తాళం తప్పుతుంది, అంతే. శ్రుతి ఎన్నడూ తప్పలేదు. జేబులో శ్రుతి సరిచూసుకునే కడ్డీ పెట్టుకు తిరిగే మనిషికి ఆ సంగతి తెలీదా? ఆయన భరించలేకపోయింది గొంతుని కాదు, ఆ సంతోషాన్ని. నాలుగు తరాల నుంచి కూడబెట్టుకున్న భక్తి తన దగ్గరుంది, ఎక్కడా ఒక్క మచ్చ లేని భక్తి, ఇస్త్రీ చేసిన అంగీలాంటి భక్తి. నిన్న గాక మొన్న దుప్పట్ల గుట్టలో కూలబడి లేచొచ్చిన మనిషికి మాత్రం దేవుడు పక్కింటివాడిలా పలుకుతాడు. ఏం న్యాయం ఇది? ఎవరితో అంటారు ఈ మాట? పెద్దలతోనా, పాస్టరుగారితోనా? అనలేదు. నోరు కదిపితే చాలు అన్నారు. లోకానికి తక్కెళ్లు సరిచూసే మనిషి ఇంట్లో ముల్లు ఎటు మొగ్గిందో చూసుకోలేదు.

అదొక్కటే అయితే పోనీ, మొగుళ్లు పెళ్లాలని అంతకంటే పెద్ద మాటలే అంటారు, సర్దుకుపోతారు. దాని కింద ఇంకొకటుంది. కిందటేడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, వంటింట్లో ఆవిడ పాడుతోంది, ముందు గదిలో ఈయన పేపరు చూస్తున్నారు. "నా ఇంట్లో కూడా" దగ్గర గొంతు అంచు చిరిగింది. చాలా కొంచెం. గుడ్డకి గోరు తగిలి ఒక్క పోగు లేచినట్టు. మామూలు చెవికి అందేది కాదు, కానీ మాస్టారి చెవి మామూలు చెవా, బృందంలో ఎవరికి రేపు జలుబు చెయ్యబోతోందో ఇవాళే చెప్పే చెవి. విన్నది. మర్నాడు విన్నది, ఆ వారం విన్నది, నెల విన్నది, పోగు పోగుకీ చిరుగు పెద్దదవడం విన్నది. విని ఏం చేశారు? పేపరు పేజీ తిప్పారు. అంతేనా? అంతే అయితే బావుండును. హమ్మయ్య అనుకున్నారు. పాట తగ్గింది, సాయంత్రాలు ఇంట్లో ప్రశాంతంగా ఉంది, లాండ్రీ ఆవిరికి గొంతు పట్టేసి ఉంటుంది, మంచిదే, కొన్నాళ్లు విశ్రాంతి అనుకున్నారు. ఆఖరికి మరదలు ఫోన్లో "అక్కా, ఏంటే నీ గొంతు ఇలా ఉంది?" అని, ఆ మధ్యాహ్నమే వచ్చి చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆ డాక్టరు, పరీక్షలన్నీ అయ్యాక, "ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే," అని ఆగాడు. వాక్యం పూర్తి చెయ్యలేదు. మాస్టారు అప్పట్నించీ రోజూ దాన్ని పూర్తి చేసుకుంటూనే ఉన్నారు.

కింద ఏదో బండి వచ్చి ఆగింది. కిటికీ కిందే ఆసుపత్రి వెనక గుమ్మం, దుప్పట్ల మూటలు దింపే చోటు. పొద్దున కూడా, మంచం మీద తన మీద కప్పిన దుప్పటి చూసి "ఇది మన మడతేనండీ, పెద్దమ్మ చెయ్యి," అని ముచ్చటపడింది ఆవిడ. ఇప్పుడు ఆ బండిలోంచి ఆడవాళ్లు దిగుతున్నారు, నీలం ఆప్రాన్లు, చేతుల మీదికి మడిచిన చొక్కాలు, అందులో వంగిన నడుముతో ఒక ముసలావిడ, మూటలు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటున్నారు, అందుకుంటూనే ఎవరో పాట ఎత్తుకున్నారు. తెల్లారింది ప్రభువా. గొంతు తగ్గించుకోవాలన్న ధ్యాసే లేదు. పై అంతస్తులో గంటమ్మ కత్తి కింద ఉందని తెలిసే పాడుతున్నారు. మాస్టారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. తెల్లారిందీ దగ్గరికి వచ్చేసరికి అందరూ, అంత మందీ ఒక్కలా, ఆ దీర్ఘాన్ని పట్టుకుని సాగదీసి సాగదీసి, టక్కున, అరమాత్ర ముందే తర్వాతి పాదంలోకి దూకారు. ఆయన వేలు కిటికీ ఊచ మీద తాళం వేస్తూ అక్కడ తడబడింది. ఇంకోసారి వచ్చింది, ఇంకోసారీ అలాగే. వాళ్లకి అది తప్పు కాదు. పాటంటే అదే. ఇన్నేళ్లూ దిద్దుతూ వచ్చినది తప్పే కాదన్నమాట, ఆవిడ అక్కడ ఆగేది ఎందుకంటే అక్కడ ఆగాలనిపించేంత బావుండేది కాబట్టి. మాస్టారు ఊచ మీంచి వేలు తీసేశారు.

"నేను విన్నానమ్మా," అన్నారు వెనక్కి తిరక్కుండానే. "మీ అక్క గొంతు మారడం. నీకంటే ముందు, అందరికంటే ముందు. చాలా నెలల ముందు. విని ఊరుకున్నాను." తిరిగి చూస్తే మరదలు మొహం నల్లగా మాడిపోయి ఉంది, చెప్పుల సంచి ఇంకా గట్టిగా పట్టుకుంది. పర్లేదు బావగారూ అంటుందని ఎక్కడో ఒక మూల ఆశపడ్డారు కాబోలు. ఆ పిల్ల అనలేదు. "ఆ మాట నాకెందుకు చెప్తున్నారు?" అంది. "పొద్దున దాకా అక్కకి నోరుంది. అప్పుడు చెప్పాల్సింది. ఇప్పుడు తిరిగి ఒక మాట అనలేదని చెప్తారా?" అడిగింది నిజమే, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎవరు మెచ్చుకుంటారు. మరదలే మళ్లీ, ఏడుపు మింగుకుని, టీ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, "అక్కతోనే చెప్పండి. ఏమంటుందో అది అనుకోనివ్వండి," అంది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

డాక్టరు మాస్కు కిందికి లాగిన తీరులోనే తెలిసిపోయింది. "గడ్డ పూర్తిగా వచ్చేసింది. ప్రాణానికి భయం లేదు. స్వరపేటిక మాత్రం ఉంచలేకపోయాం." మరదలు సంచిలో మొహం దాచుకుంది. మాస్టారు తల ఊపారు, ఊపుతూనే ఉన్నారు, ఆపడం ఎలాగో మరిచిపోయినట్టు. మెలకువ వస్తోంది, ఒక్కరు వెళ్లి చూడొచ్చు, ఎక్కువసేపు వద్దు, మాట్లాడించొద్దు అన్నాడు డాక్టరు. మాట్లాడించొద్దట. లోపల పొడవాటి గది, రెండు వరసల మంచాలు, యంత్రాలు తమ తాళం తాము వేసుకుంటున్నాయి. మూడు మంచాలు దాటాక ఆవిడ. మెడ చుట్టూ కట్టు, మెడలోనే గాలి కోసం చిన్న గొట్టం, ముక్కులోకి ఇంకొకటి, చేతికి సూది. మనిషి సగమైపోయింది. కప్పిన దుప్పటి మడత మాత్రం ఇంకా చెదరలేదు. మాస్టారు పక్కన నిలబడి, రాత్రంతా కూర్చుకున్న మాటలన్నీ వెతుక్కుని, వంగి, "ఏమే," అన్నారు. "నేను వింటూనే ఉన్నానే. నీ గొంతు పాడవుతోందని అందరికంటే ముందు నాకే తెలిసింది. ఊరుకున్నాను. నీ పాట ఆగిందని హాయి అనుకున్నాను. పొద్దున కూడా..." కన్నీళ్లు ముక్కు మీదుగా కారి దుప్పటి మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఆవిడ కళ్లు తెరిచి ఉన్నాయి. వింటోంది. ఆయన మొహాన్నే చూస్తోంది, కొస పట్టుకుని ఎదురొచ్చిన మనిషిని చూసినట్టు. కళ్ల కొసల్లో ఏదో కదిలింది. బాధా? కోపమా? రెండూ ఉంటాయి, ఎందుకుండవు. ఎంతసేపు చూసిందో. తర్వాత పెదాలు కదిలాయి.

ఎండిపోయి పగిలిన పెదాలు. దిగి వచ్చాయి, విచ్చుకున్నాయి, సాగాయి. నర్సు అవతలి మంచం దగ్గర్నించి చూసి, "నీళ్లు అడుగుతున్నారేమో, ఇప్పుడివ్వకూడదు," అంది. నీళ్లు కాదు. ప్రపంచంలో ఇంకెవరికైనా తెలీకపోవచ్చు, ఏళ్ల తరబడి ఆ పెదాలకి కాపలా కాసిన మనిషికి తెలీదా? ఆ సాగదీత, వదలకుండా, ఇంకా వదలకుండా. మాస్టారు జేబులో శ్రుతి కడ్డీ ముట్టుకోలేదు. పాట ఎత్తుకున్నారు. గొంతు జీరపోయి, ముక్కు దిబ్బడేసి, పాటల మాస్టారి గొంతేనా అది అన్నట్టు, "తెల్లారింది ప్రభువా, తెల్లారిందీ," దీర్ఘం దగ్గర తాళం అయిపోయింది, ఆయన ఆగలేదు, ఆవిడ పెదాలు మూసుకునే దాకా పట్టుకుని, ఆవిడ దూకినప్పుడే దూకారు. అవతల మంచాల్లో తలలు తిరిగాయి. "సార్, ఇది వార్డు సార్, మెల్లగా," అంది నర్సు. అలవాటైన గొంతు దానంతటదే తగ్గబోయింది. అప్పుడు దుప్పటి మీద ఆవిడ చెయ్యి కదిలింది. సూది గుచ్చిన చెయ్యి, బరువుగా, కష్టంగా, అరచెయ్యి పైకి తిప్పింది. గాలిని మెల్లగా పైకి ఎత్తినట్టు, ఇలా, రెండుసార్లు. బృందానికి ఆయన నేర్పిన సైగే, ఏళ్ల తరబడి వెనక వరసలోంచి ఆవిడ చూస్తూ వచ్చిన సైగే.

మాస్టారు గొంతు పెంచారు.